ఎడారి నగరాలకు మన విజ్ఞానయాత్ర: ఉద్దానం విద్యార్థి విన్నపం

విజ్ఞానయాత్ర మాట రాగానే మన కాలేజీ రెండు పక్షాలుగా చీలిపోతుంది. అరకు, ఊటీ అనే పక్షం ఒకటి. గోవా అనే పక్షం మరొకటి. ఈసారి కొత్తగా మూడో మాట వినిపిస్తోంది. జైపూరు, జోధ్‌పూరు, జైసల్మేరు, బికనీరు – రాజస్థాన్ ఎడారి నగరాలు. ఈ మాట మొదట ఎవరి నోట వచ్చిందో గాని, నా ఓటు వారికే. అయితే ఓటుతోపాటు ఒక షరతు కూడా పెడుతున్నాను. ఆ షరతేమిటో యూనియన్ మిత్రులకూ, మాస్టార్లకూ, ఈ సావనీరు చదివే పూర్వవిద్యార్థులకూ విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

షరతు ఇది: ఆ యాత్రను కోటల చుట్టూ గాక, నీళ్ల చుట్టూ కట్టుకోవాలి.

"ఎడారికి నీళ్ల కోసం వెళ్లడమేమిటయ్యా, కొబ్బరితోటలో దూరి ఖర్జూరం అడిగినట్టు!" అని ఎవరైనా నవ్వితే నవ్వనీండి. మాట పూర్తిగా విన్నాక ఆ నవ్వు ఉండదని నా నమ్మకం.

వాన లెక్క

మాది ఉద్దానం. పలాస దాటిన దగ్గర్నుంచి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న తోటల నేల. ఉద్యానమే ఉద్దానమైందని పెద్దలంటారు. కొబ్బరి, జీడి, పనస – ఏ కాలంలో చూసినా పచ్చగానే ఉంటుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చి తోటల్ని నేలమట్టం చేస్తే, మళ్లీ మొక్కలు నాటుకుని లేచి నిలబడ్డ నేల. ఇక్కడ ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. జైసల్మేరులో పడేది రెండు వందలకు లోపే.

సైన్సు చదువుతున్నాం గనుక చిన్న లెక్క వేద్దాం. ఒక చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద వెయ్యి మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్లు. అదే డాబా జైసల్మేరులో ఉంటే ఇరవై వేల లీటర్లు. ఐదుగురున్న ఇంట్లో తాగడానికీ, వండుకోవడానికీ మనిషికి రోజుకు ఐదేసి లీటర్లు వేసుకున్నా ఏడాదికి కావలసింది తొమ్మిది వేల చిల్లర. అంటే ఎడారిలోని డాబా కూడా, ఆవిరై, చిమ్మిపోయి సగం నష్టమైనా, ఇంటిల్లిపాదికీ తాగునీరు ఇవ్వగలదు. మన డాబా మీద పడేది మన అవసరానికి పదింతల పైమాటే.

మరి అంత వాన పడే ఉద్దానంలో జరుగుతున్నదేమిటి? తాగే నీళ్లంటేనే భయం. కిడ్నీ జబ్బు మా పల్లెల్ని పీడించడం ఈనాటిది కాదు. క్రియాటినైన్, డయాలసిస్ అనే మాటలు చదువురాని మా నాన్నమ్మలకు కూడా వచ్చు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసేవాళ్ల ఒంట్లో నీరు తగ్గిపోవడమన్నారు. ఫలానాదే కారణమని శాస్త్రం ఇంతవరకు తేల్చలేదు. కాబట్టి నేరం నీటిదేనని నేనూ అనడం లేదు. కాని భయానికి రుజువులతో పని లేదు కదా! కొనగలిగినవాళ్లు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నారు. కొనలేనివాళ్లు ఉన్న నీళ్లే తాగుతున్నారు, భయపడుతూ తాగుతున్నారు.

2023 డిసెంబరు 14న 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం ప్రారంభమైంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల్లో ఉద్దానం పల్లెలకు తెచ్చే పథకమది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ కూడా ఆ రోజే ప్రారంభమయ్యాయి. పైపు రావడం మంచిదే, కాదనేవాడెవడూ ఉండడు. నా ప్రశ్న వేరు. పైపు వచ్చాక మన నేలబావుల సంగతేమిటి? బందలు, చెరువులు, గెడ్డలు – వీటి గతేమిటి? నీళ్లు కుళాయిలో వస్తున్నప్పుడు చెరువుగట్టు తెగితే పట్టించుకునేదెవరు?

ఈ ప్రశ్నకు జవాబు ఎడారి నగరాల్లో దొరుకుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే మనకు నిన్నగాక మొన్న వచ్చిన దూరపు నీరు వాళ్లకు చాలా ముందే వచ్చింది. వచ్చాక ఏం దక్కిందో, ఏం పోయిందో అక్కడ కళ్లారా చూడవచ్చు. ఆ ఊళ్లలో మనం చూడబోయేది కొంతవరకు మన రేపటి సంగతే.

మనవాళ్ల దూరప్రయాణాలు

"ఒరిస్సా దాటని పిల్లలు, మొదటిసారే అంత దూరమా?" అని కొందరు పెద్దలంటున్నారు. మా ఊళ్లవాళ్లు దూరాలు ఎరగనివాళ్లేం కారు. మన తీరపు మత్స్యకారులు బతుకుతెరువుకు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి పడవలెక్కుతారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైన ఉత్తరాంధ్ర మత్స్యకారుల కథ అందరికీ తెలిసిందే. కలకత్తా, బొంబాయి, హైదరాబాదు, గల్ఫ్ – పనికోసం పోయినవాళ్లకు లెక్కలేదు. సైన్యంలో చేరినవాళ్లు సరేసరి. ఎడారి సరిహద్దులో కాపలా కాసి వచ్చిన జవాన్లు మన పల్లెల్లోనే ఉన్నారు.

వీళ్లంతా పొట్టకోసం వెళ్లినవాళ్లు. చూడ్డానికి, తెలుసుకోవడానికి వెళ్లే అదృష్టం మన తరానికి దక్కుతోంది. అలాంటి అదృష్టాన్ని ఏడు రోజుల్లో తొమ్మిది ఊళ్లు చూపిస్తామనే ట్రావెల్సు బస్సుకు అప్పగించడం భావ్యం కాదు. ఆ బస్సులో ఊళ్లు కిటికీలోంచి కనబడతాయి, హోటళ్లు మాత్రం దగ్గర్నుంచి కనబడతాయి.

ఇంకో మాట. మన వైపు బజార్లలో మార్వాడీ కొట్టు లేని ఊరు అరుదు. మార్వాడీ అంటే మనకు తాకట్టు కొట్టు, బంగారం తూకం, అంతే. ఆ మనిషి తాతముత్తాతలు మార్వాడ్ వదిలి ఇంత దూరం ఎందుకు వచ్చారో అడిగినవాళ్లం కాము. వ్యాపారం ఒక కారణమైతే, వానలు లేని ఏళ్లు ఇంకో కారణం. ఊరు వదలడమంటే ఏమిటో మనకూ తెలుసు గనుక, వాళ్ల ఊరు చూసివస్తే మన బజారు కూడా మనకు కొత్తగా కనబడుతుంది.

చూసిరావడమంటే ఎలా ఉండాలో తెలుగువాళ్లలోనే ఒక పెద్దాయన చూపించారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరుకు తిరిగి ఇల్లు చేరారు. వచ్చేటప్పుడు కలకత్తా, జగన్నాథం చూసుకుని మన గంజాం, శ్రీకాకుళం దారినే దిగి వచ్చారు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తిరగేస్తే దైవదర్శనాలతోపాటు దారి ఎలా ఉంది, మజిలీలో దిగడానికి చోటుందా, నీళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా అన్న వివరాలు ఊరూరికీ కనిపిస్తాయి. వెనక వచ్చేవాళ్లకు పనికివచ్చేట్టు రాసుకుంటూ పోయారాయన. మన చేతిలో సెల్‌ఫోను ఉంది, అందులో మ్యాపు ఉంది. ఆయనకున్న శ్రద్ధలో పావువంతు మనకుంటే చాలు.

వాన తగ్గే దారి

ఇక అసలు పథకం. నాలుగు నగరాలు చాలు. వాటి వరస కూడా వానను బట్టే పెట్టాను. జైపూరులో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు. పడమటికి పోతే జోధ్‌పూరులో 350 ప్రాంతం. ఇంకా పడమటికి పోతే జైసల్మేరు, 200 లోపు. అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలికి ఆరావళి కొండలు అడ్డంగా నిలబడక, దాదాపు దాని వెంటే సాగిపోవడంవల్ల అక్కడ వాన తక్కువని చిన్నప్పుడు భూగోళంలో చదువుకున్నాం. ఈ దారిన పోతే ఆ పాఠం చెట్టుచెట్టుకూ కనిపిస్తుంది. చెట్టు పొట్టిదవుతుంది, ఆకు చిన్నదవుతుంది, ముల్లు పెద్దదవుతుంది.

జైపూరుకు రెండు రోజులు. 1727లో సవాయి జైసింగు కట్టించిన ఊరు. ప్లాను గీసినవాడు విద్యాధర భట్టాచార్య. హవామహలు ముందు ఫొటోలకు అరగంట ఇద్దాం, వద్దనను. కాని సైన్సు విద్యార్థులం జంతర్ మంతర్‌లో సగం రోజైనా ఉండాలి. అక్కడి సమ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తున్న నీడగడియారం. దాని ఏటవాలు గోడ నేలతో చేసే కోణం ఆ ఊరి అక్షాంశమే – 27 డిగ్రీలు. అదే పలాసలో కట్టాలంటే 19 డిగ్రీల దగ్గర వాల్చాలి. ఒక్కో డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిముషాల లెక్కన పలాసకూ జైసల్మేరుకూ యాభై నిముషాలు దాటి తేడా వస్తుంది. మనకు సూర్యుడు నడినెత్తికి వచ్చిన అంతసేపటికిగాని వాళ్ల నెత్తిమీదికి రాడు. రెండు ఊళ్లలోనూ వాచీ మాత్రం ఒకే గంట చూపిస్తుంది. ఈ సంగతి బోర్డు మీద పదిసార్లు చెప్పేకన్నా, ఆ గోడ నీడలో ఒకసారి నిలబడి చెబితే మరిచిపోం.

ఆ మర్నాడు, ఏ టూరిస్టు బస్సూ ఆగని చోటికి పోదాం. జైపూరు పక్కన రామ్‌గఢ్ చెరువుంది. ఒకప్పుడు ఆ ఊరికి తాగునీరిచ్చిన చెరువు. 1982 ఏషియాడ్ పడవపందేలు జరిగింది అక్కడే. తర్వాతి కాలంలో అది ఎండిపోయింది. నీళ్లు వచ్చే దారుల్లో అడ్డుకట్టలు, ఆక్రమణలు రావడం పెద్ద కారణం. ఇప్పుడు జైపూరు తాగుతున్నది ముఖ్యంగా బనాస్ నది మీది బీసల్‌పూర్ డ్యాము నీళ్లు. దేశదేశాల పడవలు పరుగెత్తిన చోట నిలబడి అడుగున ఉన్న నేల చూడ్డం, ఏ కోట చూసినదానికీ తీసిపోదు. మన చెరువుల్లోకి వచ్చే గెడ్డలకు ఎవరెవరు అడ్డం కట్టారో అప్పుడు తప్పక గుర్తొస్తుంది.

జైపూరు నుంచి జోధ్‌పూరు పోయే దారిలో సాంభర్ ఉప్పు సరస్సు తగులుతుంది. టెక్కలి పక్కన నౌపడ ఉప్పు మడులు చూసి పెరిగినవాళ్లం మనం. సముద్రం ఎక్కడో ఉండగా ఉప్పు ఎలా పండుతుందో చూడాలని ఎవరికుండదు?

జోధ్‌పూరుకు రెండు రోజులు. 1459లో రావు జోధా కట్టిన ఊరు. మెహ్రన్‌గఢ్ కోట ఎక్కి నీలిరంగు ఇళ్లు చూసినవాళ్లు చాలామంది ఆ కోట పాదంలోనే ఉన్న రాణీసర్, పదమ్‌సర్ చెరువులు చూడకుండా దిగిపోతారు. కోట నిలబడింది ఆ చెరువులవల్ల. ఊళ్లో తూర్జీ కా ఝాల్రా అని 18వ శతాబ్దపు దిగుడుబావి ఉంది. కుళాయిలొచ్చాక దాన్ని మరిచిపోతే చెత్తతో, మురికితో పూడిపోయింది. తర్వాత పూడిక తీసి బాగుచేశారు. ఉమైద్ భవన్ అనే మేడ 1929లో మొదలై 1943కి పూర్తయింది. కరువు రోజుల్లో జనానికి పని చూపించడానికి కట్టించారట. మనకు కరువు పని అంటే చెరువులో మట్టి తియ్యడం. అక్కడ కూలికి కూడు దొరికింది, రాజుగారికి మేడ దక్కింది. ఆ కూలిపనితో ఎన్ని చెరువులు తవ్వవచ్చో లెక్కగట్టే పని ఆర్థికశాస్త్రం మిత్రులకు వదిలేస్తున్నాను.

వ్యవసాయ కుటుంబాల పిల్లలు జోధ్‌పూరులో తప్పక చూడవలసింది 1959లో ఏర్పడిన కేంద్ర మెట్ట పరిశోధనా సంస్థ. అందరూ కాజ్రీ అంటారు. ఇసకదిబ్బలు కదలకుండా చెట్లతో పట్టి ఉంచడం మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న సంస్థ. మన తీరంలో ఇసక ఎగిరి తోటల్లో పడకుండా సరుగుడు వేసుకుంటాం కదా, ఆ విద్యే ఇంకో రూపంలో అక్కడ ఉంది. ఊరికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఖేజడ్లీ గ్రామం. 1730లో రాజుగారి మనుషులు చెట్లు నరకడానికి వస్తే చెట్లను వాటేసుకుని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చిన చోటు. ఆ చెట్టేమిటో తెలుసా? ఖేజ్డీ – మన జమ్మిచెట్టు. దసరానాడు ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకునే జమ్మే. వాళ్లు దాని కాయలు కూర వండుకుంటారు, ఆకు పశువులకు వేస్తారు, నీడన పైరు పండించుకుంటారు. మనకు ఏడాదికొక్కరోజు గుర్తొచ్చే చెట్టు వాళ్లకు మూడువందల అరవై అయిదు రోజులూ కావాలి.

ఎడారి కోటలో నీటి చెమ్మ

జైసల్మేరుకు మూడు రోజులు. తగ్గించవద్దని నా ప్రత్యేక మనవి. 1156లో రావల్ జైసల్ కట్టిన పసుపురాతి కోట ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న కోట. ఊరి పక్కన గడీసర్ చెరువు 14వ శతాబ్దపుది. వందల ఏళ్లు ఊరంతా ఆ నీళ్లే తాగింది. ఆ ఊరి చుట్టుపక్కల ఖడీన్ అనే సేద్యం ఉంది. రాతినేల మీద పడిన కాస్త వాననూ పల్లానికి మళ్లించి, అడ్డంగా పొడవాటి మట్టికట్ట వేసి నిలబెడతారు. నీరు ఇంకాక ఆ చెమ్మ మీద గోధుమ, శనగ విత్తుతారు. వరి కోసిన మళ్లలో మిగిలిన పదును మీద మనం మినుము, పెసర చల్లుకోమూ? అదే సూత్రం. తేడా ఏమిటంటే మనకు వరి పండించి మిగిలిన పదును. వాళ్లకు ఆ పదునే సర్వస్వం.

అదే ఊళ్లో చూడవలసిన విచిత్రం మరొకటి ఉంది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఎండకూ, యుద్ధాలకూ నిలిచిన కోటకు ప్రమాదం వచ్చింది నీటివల్ల! బిందె మోసుకున్న రోజుల్లో ఒక్క చుక్క వృథా చేసేవారు కాదు. కుళాయిలు వచ్చాక వాడకం పెరిగింది, దానికి తగ్గ కాలువలు లేవు, వాడిన నీరు కోట కింది మెత్తటి రాతిలోకి, బంకమట్టిలోకి దిగింది. కొన్ని బురుజులు కూలిపోయాయి కూడా. 1996లోనే అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకి ఈ కోట పేరు ఎక్కింది. నీళ్లు తెచ్చేటప్పుడు అవి ఎటు పోతాయో ఆలోచించకపోతే ఏమవుతుందో ఇంతకన్నా తేటగా చెప్పే పాఠం నాకు కనబడలేదు. మా పల్లెల్లో కుళాయి పెట్టిన ప్రతి వీధిలోనూ కాలువ పెట్టారా అని ఇప్పుడే అడగాలి.

చివరగా బికనీరు, రెండు రోజులు. 1488లో రావు బీకా స్థాపించిన ఊరు. అక్కడి మహారాజా గంగాసింగు హయాంలో 1927లో సట్లెజ్ నీరు గంగ కాలువగా ఎడారిలోకి వచ్చింది. తర్వాత 1958లో పునాదిరాయి పడ్డ రాజస్థాన్ కాలువ – ఇప్పుడు ఇందిరాగాంధీ కాలువ – పంజాబులోని హరికే దగ్గర మొదలై ఎడారిలోకి 649 కిలోమీటర్లు సాగింది. ఇసకలో గోధుమ పండింది, ఊళ్లకు తాగునీరు దొరికింది. ఇంకోపక్క కొన్నిచోట్ల నేల నీరుపట్టి, ఉప్పు తేలి, పొలం పాడైంది. రెండూ నిజాలే. రెండూ చూడాలి. 1984లో ఏర్పడ్డ ఒంటెల పరిశోధనా కేంద్రం కూడా అక్కడే ఉంది. 2012 లెక్కల్లో దేశంలో నాలుగు లక్షలున్న ఒంటెలు 2019 లెక్కకు రెండున్నర లక్షలయ్యాయి. ట్రాక్టరు వచ్చాక మన ఎడ్లు ఏమయ్యాయో చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కరలేదు.

వచ్చే అభ్యంతరాలు

ఇది చదివి కొందరు మిత్రులు "యాత్రకు తీసుకెళ్తావా, పరీక్షకు తీసుకెళ్తావా?" అంటారని తెలుసు. సరదా వద్దని నేననడం లేదు. సామ్ ఇసకదిబ్బల మీద పొద్దుగూకడం చూద్దాం, పాటలు పాడుకుందాం, బికనీరు భుజియా మూటలు కట్టుకుందాం. కాని పదమూడు రోజుల్లో రోజుకు రెండు గంటలు ఒక ప్రశ్న కోసం పెట్టుకుంటే సరదా తగ్గిపోదు. ఏ ప్రశ్నా లేకుండా తిరిగేవాడికి మూడో కోట దగ్గరకొచ్చేసరికి కోటలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

రెండో అభ్యంతరం బలమైనది. "ఉద్దానం బావుల గురించి తెలుసుకోడానికి రాజస్థాన్ పోవాలా? పలాస బస్సెక్కితే చాలదా?" చాలదు. రోజూ చూసేది మన కంటికి ఆనదు. కాని ఈ మాటలో సగం న్యాయముంది గనుక దానికి తగ్గ ఏర్పాటు చేద్దాం: యాత్రకు పేరిచ్చిన ప్రతి విద్యార్థీ బయల్దేరేముందు తన ఊళ్లో ఉన్న నూతులు, బందలు, చెరువులు ఎన్నో, అందులో వాడుకలో ఉన్నవెన్నో, పూడ్చినవెన్నో రాసుకురావాలి. అది రాయని వారికి టిక్కెట్టు లేదు. తన ఊరి నీళ్లు ఎరిగినవాడికే పరాయి ఊరి నీళ్లు అర్థమవుతాయి.

మూడోది, చరిత్ర మాస్టారి తరగతుల్లో విన్నవాళ్లు వేసే ప్రశ్న: ఎడారి పాతరోజులు అంత గొప్పవా? కావు. 1899–1900 నాటి ఛప్పనియా కరువు పేరెత్తితే ఇప్పటికీ అక్కడివాళ్లు ఉలిక్కిపడతారు. విక్రమశకం 1956లో వచ్చింది గనుక ఆ పేరు. దిగుడుబావి మెట్లు అందరికీ ఒక్కలాగే దిగనిచ్చేవి కావు. కులం అక్కడా కాపలా కాసింది, మన ఊరి నూతి దగ్గర కాసినట్టే. మైళ్ల దూరం బిందెలు మోసింది ఆడవాళ్లు. కాబట్టి పాతబావికి దండం పెట్టి రమ్మనడం నా ఉద్దేశం కాదు. కుళాయి అందరికీ రావాలి, బావీ బతకాలి. తిత్లీ తుఫానుకు స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మోటార్లు తిరగలేదు. అలాంటప్పుడు చేద వేసి తోడుకునే నుయ్యే దిక్కు.

కొన్ని ఏర్పాట్లు

కాలం: సంక్రాంతి వెళ్లాక బయల్దేరడం మేలు. వరి నూర్పులు అయిపోతాయి, జీడిపిక్కల పని ఇంకా మొదలవదు, ఇంట్లోవాళ్లు పంపడానికి ఇష్టపడతారు. డిసెంబరు ఆఖరివారంలో అక్కడ జనం ఎక్కువ, అద్దెలూ ఎక్కువ. మాఘ పౌర్ణమి ముందు జైసల్మేరులో ఎడారి ఉత్సవం మూడు రోజులుంటుంది. చూడాలనుకుంటే తేదీలు కలుపుకోవచ్చు, ఖర్చుకు సిద్ధపడాలి. పగలు ఎండ హాయిగా ఉన్నా రాత్రి చలి మన తీరంవాళ్లు ఎరగనిది. స్వెట్టరుతో సరిపెట్టుకుంటే కుదరదు, రగ్గు ఉండాలి.

రైలు: విజ్ఞానయాత్రకు వెళ్లే విద్యార్థులకు రైల్వే రాయితీ ఉంది, ప్రిన్సిపాల్ గారి సంతకంతో పత్రం కావాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు గనుక సంక్రాంతి యాత్రకు నవంబరులోనే పేర్లు తేలాలి. స్లీపరు చాలు. ఊరికీ ఊరికీ మధ్య రాత్రి రైళ్లు ఎంచుకుంటే గది అద్దె కూడా మిగులుతుంది.

తిండి: అన్నం దొరకదని బెంగ అక్కరలేదు. వాళ్ల బాజ్రా అంటే మన గంటెలే. మన ముసలివాళ్లు గంటె అంబలి తాగి పెరిగినవాళ్లే. పదిరోజులు రొట్టె తింటే ఎవరూ చిక్కిపోరు.

ఆడపిల్లలు: ఇది మగపిల్లల యాత్ర అయితే నా ఓటు వెనక్కి తీసుకుంటాను. ఊరి నీళ్లు మోసేది ఆడవాళ్లు, నీళ్ల యాత్రకు వెళ్లేది మగవాళ్లా? ఇద్దరు లెక్చరర్ మేడములు వెంట వస్తే తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. మేడములను ఒప్పించే భారం యూనియన్‌ది.

నీళ్లు: యాభైమంది ఒక్కసారి నీటికరువు ఊళ్లో దిగితే మనమూ ఆ ఊరికి బరువే. స్నానానికి ఒక్క బకెట్టు అన్న నియమం పెట్టుకుందాం. సీసాలు కొని పారేయకుండా ఇంటినుంచి తెచ్చుకుందాం.

ఇంకో చిన్న సలహా. బయల్దేరే ముందు ఆ సరిహద్దులో పనిచేసి వచ్చిన మాజీ జవాన్లను ఇద్దరు ముగ్గురిని కాలేజీకి పిలిచి ఒక సాయంత్రం మాట్లాడించుదాం. ఏ గైడు పుస్తకమూ చెప్పని సంగతులు వాళ్లు చెబుతారు.

ఇక తిరిగి వచ్చాక ఏమిటి? ఫొటోలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు మనం రాసుకున్న నూతుల పట్టిక, అక్కడ చూసినదానితో కలిపి, వచ్చే ఏడాది ఈ సావనీరులోనే అచ్చువెయ్యాలి. తర్వాత పలాస, టెక్కలి, సోంపేట వైపు పిల్లలం వేసవి సెలవుల్లో ఊరికొక బావి చొప్పున పూడిక తీసి, నీటిని పరీక్ష చేయించే పని చేపట్టవచ్చు. కెమిస్ట్రీ ల్యాబు మనకుంది, మాస్టార్లున్నారు, చేతులున్నాయి. యాత్రకు ఎంత ఖర్చవుతుందో యూనియన్ ట్రెజరర్ లెక్క వేస్తారు. ఆ కాగితం మీదే అడుగున ఇంకో గీత గీసి, పూడిక తీసే పారలకూ తట్టలకూ ఎంతవుతుందో కూడా రాయమని నా కోరిక. ఆ రెండో అంకె చాలా చిన్నది.